హెచ్‌డీఎంఐని క్యాట్ 6 కేబుల్ మీద దూరం పంపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హాల్లో సెట్‌టాప్ బాక్స్, మేడ మీద టీవీ. స్టేజీ పక్కన ల్యాప్‌టాప్, హాలు చివర ప్రొజెక్టర్. ఆఫీసు గదిలో డీవీఆర్, గేటు దగ్గర మానిటర్. ఇలాంటి చోట్ల బొమ్మను, సౌండ్‌ను ల్యాన్ కేబుల్ (క్యాట్ 6 లాంటిది) మీద పంపే పెట్టెల జతనే హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ అంటాం. పంపే వైపు ట్రాన్స్‌మిటర్, టీవీ వైపు రిసీవర్, మధ్యలో సాధారణంగా ఒకే కేబుల్. పని చేయనప్పుడు అందరూ ముందు పెట్టెను అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు పెట్టెది కాదు, కేబుల్‌ది, లేదా దాని చివర కొట్టిన కనెక్టర్‌ది. అందుకే ఈ పేజీలో పెట్టెల కంటే కేబుల్ గోలే ఎక్కువ.

పొడవైన హెచ్‌డీఎంఐ కేబులే కొంటే సరిపోదా?

5 మీటర్ల లోపు దూరానికి సరిపోతుంది, ఎక్స్‌టెండర్ జోలికే వెళ్లొద్దు. 1080పీ మాత్రమే కావాలంటే మంచి రాగి కేబుల్ 10 మీటర్ల దాకా లాగుతుంది, ఒక్కోసారి 15 కూడా. 4కే 60కి (సెకనుకు 60 ఫ్రేములు) 18 జీబీపీఎస్, అంటే సెకనుకు 1,800 కోట్ల బిట్లు, మోయాలి కాబట్టి మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్‌ను 5 మీటర్లు దాటాక నమ్మలేం. అది మెల్లగా మసకబారి హెచ్చరించే రకం కూడా కాదు. ముందు తెల్ల చుక్కలు మెరుస్తాయి, ఇంకో మీటరు పెరిగితే బొమ్మే ఉండదు. పైగా గోడలోని 20 ఎంఎం పైపులో హెచ్‌డీఎంఐ ప్లగ్ దూరదు. క్యాట్ 6 అయితే ముందు లాగి, తర్వాత కనెక్టర్ కొట్టుకోవచ్చు.

మార్కెట్లో దొరికే ఎక్స్‌టెండర్లన్నీ ఒకటేనా?

కాదు. బయటికి ఒకేలా కనిపించే నల్ల పెట్టెల్లో మూడు వేర్వేరు పద్ధతులున్నాయి. కొనేముందు ఇది తేల్చుకోకపోతే మిగతాదంతా వృథా.

మొదటిది రెండు ల్యాన్ కేబుళ్లు అడిగే చవక రకం. హెచ్‌డీఎంఐ తీగలను దాదాపు ఉన్నవి ఉన్నట్టే క్యాట్ కేబుల్‌లో రెండేసి మెలివేసిన తీగల జతల్లోకి మళ్లిస్తుంది. క్యాట్ 6లో నాలుగు జతల మెలికలు ఒకేలా ఉండవు, అందుకే ఒక జత మీద సిగ్నల్ ఇంకో జత కంటే కాస్త ఆలస్యంగా చేరుతుంది. 100 మీటర్లకు ఈ తేడా 45 నానోసెకన్ల దాకా ఉండొచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. నెట్‌వర్క్‌కు అది లెక్కలోకి రాదు. 1080పీ 60లో ఒక్క పిక్సెల్ ఆయుష్షే సుమారు 6.7 నానోసెకన్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరు జతల మీద వెళ్లి వేర్వేరు సమయాలకు చేరితే టీవీ ఏం చేస్తుంది? పెట్టె మీద 30 మీటర్లని ఉన్నా 15, 20 మీటర్ల దగ్గరే మొరాయించడానికి ఇదొక కారణం. ఇప్పుడు దీన్ని కొనమని చెప్పడానికి కారణమేదీ కనిపించదు.

రెండోది హెచ్‌డీబేస్‌టీ. 2010లో ఎల్‌జీ, శాంసంగ్, సోనీ పిక్చర్స్, వాలెన్స్ కలిసి పెట్టిన కూటమి తెచ్చిన పద్ధతి. ఒకే కేబుల్ మీద వీడియో, ఆడియో, రిమోట్ సిగ్నల్, ఆర్‌ఎస్-232 కంట్రోల్ (పరికరాలకు ఆదేశాలు పంపే లైను), మోడల్‌ను బట్టి ఈథర్‌నెట్, కరెంటు కూడా వెళ్తాయి. ఆలస్యం మైక్రోసెకన్లలోనే, కంటికి ఆనదు. నాలుగు జతల మీదా సెకనుకు 50 కోట్ల చొప్పున సంకేతాలు వెళ్తాయి, ఒక్కో సంకేతాన్ని 16 వోల్టేజి మెట్లలో ఏదో ఒకటిగా చదవాలి. మెట్ల మధ్య ఎడం అంత సన్నం కాబట్టే కేబుల్‌లో చిన్న లోపం ఉన్నా ఇది ఓర్చుకోదు. అదే కేబుల్ మీద ఇంటర్నెట్ చక్కగా నడుస్తుండొచ్చు. నెట్‌లో ఒక ప్యాకెట్ పోతే మళ్లీ తెప్పించుకుంటారు, ఇక్కడ పోయిన పిక్సెల్ కోసం ఆగే తీరిక లేదు.

మూడోది ఐపీ రకం. వీడియోను హెచ్.264 లాంటి పద్ధతిలో కుదించి నెట్‌వర్క్ ప్యాకెట్లుగా పంపుతుంది. 120 మీటర్లు, 150 మీటర్లు అని రాసి తక్కువ ధరకు అమ్మేవి ఎక్కువగా ఇవే. స్విచ్‌ల గుండా వెళ్తుంది, ఒక ట్రాన్స్‌మిటర్‌కు పది రిసీవర్లు కూడా పెట్టుకోవచ్చు. బదులుగా ఆలస్యం ఉంటుంది, మోడల్‌ను బట్టి కొన్ని పదుల మిల్లీసెకన్ల నుంచి అర సెకను దాకా. మేడ మీద సీరియల్ చూడ్డానికి ఫర్వాలేదు. మౌస్ కదపాల్సిన చోట, గేమ్ ఆడేచోట, వేదిక మీద మనిషి మాట్లాడుతుంటే పక్కనే పెద్ద తెరలో చూపించాల్సిన చోట పనికిరాదు. 10 జీబీపీఎస్ స్విచ్‌ల మీద నడిచే ఖరీదైన ఐపీ రకాల్లో ఈ ఆలస్యం లేదు, అవి పెద్ద ఆడిటోరియాలకు, కంట్రోల్ రూములకు.

పెట్టె మీద ‘4కే, 100 మీటర్లు’ అని ఉంది. నమ్మొచ్చా?

పేరు గొప్ప, ఊరు దిబ్బ. 4కే అన్న ఒక్క మాట కింద నాలుగైదు రకాల సిగ్నళ్లున్నాయి. అసలు అడగాల్సింది ఎన్ని జీబీపీఎస్ అని.

1080పీ 60కి సుమారు 4.5 జీబీపీఎస్ కావాలి. 4కే 30కి 8.9. 4కే 60ని రంగు సమాచారం నాలుగో వంతుకు తగ్గించి, అంటే 4:2:0గా, 8 బిట్‌లో పంపితే మళ్లీ అదే 8.9. ఏదీ తగ్గించకుండా 4కే 60 4:4:4 అయితే 17.8.

పాత తరం హెచ్‌డీబేస్‌టీ పెట్టెల పరిమితి 10.2 జీబీపీఎస్. కాబట్టి ‘4కే 60’ అని పెద్ద అక్షరాల్లో వేసి, అడుగున చిన్నగా ‘4:2:0’ అని రాస్తారు. సినిమాకు, క్రికెట్‌కు ఆ తేడా కనబడదు. ల్యాప్‌టాప్‌లో నీలం రంగు మీద సన్నటి ఎర్ర అక్షరాలు పెట్టి చూడండి, గుణింతాల అంచులు తడిసిన సిరాలా పాకుతాయి. పవర్‌పాయింట్, ఎక్సెల్ చూపించే గదికి 4:2:0 వద్దు. అంతకంటే 1080పీ 4:4:4 మేలు.

హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపే వీడియో) సంగతి ఇంకాస్త చిత్రం. 4కే 60 హెచ్‌డీఆర్‌ను 10 బిట్ 4:2:0లో పంపినా 11.1 జీబీపీఎస్ అవుతుంది, 10.2లో పట్టదు. సినిమాలు ఎక్కువగా సెకనుకు 24 ఫ్రేములే కాబట్టి 4కే 24 హెచ్‌డీఆర్, రంగు సగమే పంపే 4:2:2లో, 8.9కే సరిపోతుంది, హాయిగా వెళ్తుంది. అందుకే ‘సినిమా వస్తోంది, మెనూలోకి వస్తే నల్లగా అయిపోతోంది’ అనే ఫిర్యాదు వింటాం. మెనూ 60లో ఉంటుంది, సినిమా 24లో.

18 జీబీపీఎస్ అని రాసి, పాత చిప్ మీదే నడిచే పెట్టెలు సిగ్నల్‌ను కొంచెం కుదించి పంపుతాయి. వీడియోకు అది చాలు. కుదింపేమీ లేకుండా 4కే 60 4:4:4 వెళ్లాలంటే హెచ్‌డీబేస్‌టీ 3.0 పెట్టె, క్యాట్ 6ఏ కేబుల్ కావాలి, అప్పుడు 100 మీటర్లు నిజంగానే వస్తుంది. 10.2 రకంలో 1080పీ 100 మీటర్లు, క్యాట్ 5ఈ లేదా 6 మీద 4కే 70 మీటర్లు అనేది ఖరీదైన తరగతి లెక్క. చవక తరగతిలో ఆ 100, 70 కాస్తా 70, 40కి పడిపోతాయి. మోడల్ షీట్‌లో రెండు దూరాలూ విడివిడిగా రాసి లేకపోతే చిన్నదాన్నే మీ దూరంగా అనుకుని కొనండి.

ఏ కేబుల్ కొనాలి?

కొత్తగా లాగుతుంటే 23 ఏడబ్ల్యూజీ (తీగ మందం కొలత, అంకె తగ్గితే మందం ఎక్కువ), గట్టి తీగ, పూర్తి రాగి, క్యాట్ 6ఏ షీల్డెడ్ (లోపల రేకు కవచం ఉన్నది). 1080పీకి, 40 మీటర్ల లోపు, పక్కన వేరే కేబుళ్ల కట్ట లేకపోతే మామూలు క్యాట్ 6 యూటీపీ (కవచం లేనిది) చాలు. పలక (ఫ్లాట్) కేబుల్ అస్సలు వద్దు. ప్యాచ్ కార్డుల్లో వాడే పోగుల తీగ పొడవైన దూరానికి వద్దు. క్యాట్ 7, క్యాట్ 8 అని రాసిన చవక రెడీమేడ్ తీగలకు అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.

అసలు ప్రమాదం సీసీఏ. అల్యూమినియం తీగకు పైపైన రాగి పూత. చూడ్డానికి తేడా ఉండదు. పట్టుకునే మార్గాలు రెండు.

బ్లేడుతో తీగను గీరండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. వెండి రంగు తేలితే సీసీఏ.

కేబుల్ ఇప్పటికే గోడలో ఉంటే మల్టీమీటర్ తీయండి. ఒక చివర ఒక జత తీగలు రెండింటినీ కలిపి మెలిపెట్టండి, రెండో చివర ఆ జత మధ్య ఓమ్స్ చూడండి. మీటర్ తీగల సొంత ఓమ్స్ ముందే చూసి తీసేయండి. 23 ఏడబ్ల్యూజీ రాగికి మీటరు కేబుల్‌కు సుమారు 0.134 ఓమ్‌లు వస్తాయి, 24 ఏడబ్ల్యూజీకి 0.168. అంటే 30 మీటర్లకు 4 నుంచి 5 ఓమ్‌లు. పొడవు ఎంతో తెలియకపోతే తొడుగు మీద మీటరు మీటరుకీ అచ్చేసిన అంకెలు చూడండి, రెండు చివర్ల అంకెల తేడానే పొడవు. 30 మీటర్లకు 6 ఓమ్‌లు దాటిందంటే అది సీసీఏ గానీ, మరీ సన్నటి తీగ గానీ, ఎక్కడో పట్టు సరిగా లేని జాయింటు గానీ అయి ఉంటుంది. నాలుగు జతలకూ కొలవండి. మూడింటికి 4.1 వచ్చి ఒకదానికి 5.8 వస్తే కేబుల్ మంచిదే, ఆ జత కనెక్షన్ చెడ్డది.

రిసీవర్‌కు కరెంటు కూడా ఇదే కేబుల్ మీద వెళ్లే మోడళ్లలో సీసీఏ రెండింతలు నష్టం. వోల్టేజి దారిలోనే పడిపోయి రిసీవర్ ఆగి ఆగి రీస్టార్ట్ అవుతుంటుంది.

ఇంట్లో ఉన్న ల్యాన్ పాయింట్లనే వాడుకోవచ్చా? మధ్యలో స్విచ్ ఉంటే?

హెచ్‌డీబేస్‌టీకి స్విచ్ గానీ, రౌటర్ గానీ మధ్యలో ఉండకూడదు. ఆర్‌జే45 (ల్యాన్) ప్లగ్ ఒకటే తప్ప లోపల నడిచేది ఈథర్‌నెట్ కాదు. రెండు ల్యాన్ పాయింట్లూ రాక్‌లోకి వస్తుంటే ప్యాచ్ ప్యానెల్ దగ్గర ఒకదాన్నొకటి పొట్టి ప్యాచ్ కార్డుతో నేరుగా కలపండి. అప్పుడు మొత్తం దూరం రెండు పరుగుల కూడిక. జాయింట్లు రెండుకు మించకుండా చూసుకోండి. తీగలను మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటును జాయింటుగా కూడా లెక్కపెట్టం.

ఇంకో హెచ్చరిక. కరెంటు కూడా పంపే ట్రాన్స్‌మిటర్ ప్లగ్‌ను పొరపాటున ల్యాప్‌టాప్ ల్యాన్ పోర్టులోనో, స్విచ్‌లోనో పెడితే ఆ పోర్టు కాలిపోవచ్చు. ఫేస్‌ప్లేట్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించి ‘టీవీ మాత్రమే’ అని రాయండి. చూడ్డానికి బాగోదు, అయినా రాయండి.

ఐపీ రకానికి మధ్యలో స్విచ్ ఉండొచ్చు. అయితే ఇంటి వైఫై నడిచే మామూలు స్విచ్‌లోనే కలిపితే, మల్టీకాస్ట్ (ఒకేసారి చాలామందికి పంపే ప్యాకెట్ల) వరద అన్ని పోర్టులకూ పారి ఇంట్లో నెట్ పడుకుంటుంది. ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగిన పోర్టుకే వీడియో పంపే సౌకర్యం) ఉన్న మేనేజ్డ్ స్విచ్ పెట్టి, వీడియోకు విడిగా వీల్యాన్ (స్విచ్ లోపలే వేరు చేసిన నెట్‌వర్క్) ఇవ్వండి. అంత ఓపిక లేకపోతే వీడియో కోసం వేరే స్విచ్ ఒకటి పెట్టి ఇంటి నెట్‌వర్క్‌తో కలపకుండా వదిలేయండి, ఇదే తేలిక.

కొత్త ఇల్లు కడుతున్నాం. ఏం వేయించాలి?

టీవీ గోడ నుంచి సెట్‌టాప్ బాక్స్ ఉండే చోటుకు 25 ఎంఎం పైపు విడిగా ఒకటి. మూల మలుపుల్లో ఎల్బో కాకుండా పొడవైన వంపు వేయించండి. పైపులో క్యాట్ 6ఏ రెండు లాగించండి, ఒకటి వీడియోకు, ఒకటి నెట్‌కు. లాగే తాడు ఒకటి లోపలే వదిలేయించండి. ఎలక్ట్రీషియన్ కరెంటు తీగలతో కలిపి ఒకే పైపులో వేస్తానంటే ఒప్పుకోవద్దు. కరెంటు పైపుకు కనీసం 30 సెంటీమీటర్ల ఎడం ఉండాలి, దాటక తప్పనిచోట అడ్డంగా, లంబ కోణంలో దాటాలి. ఫ్యాన్ రెగ్యులేటర్ తీగ, మోటారు తీగ, లిఫ్టు తీగ పక్కన సమాంతరంగా పరుగెత్తితే ఆ స్విచ్ వేసినప్పుడల్లా టీవీ ఒక్క క్షణం నల్లగా అవుతుంది.

లాగేటప్పుడు బలం 11 కిలోల బరువు లాగుడు దాటకూడదు. ఇద్దరు మనుషులు కాలు తన్నిపెట్టి లాగారంటే లోపలి మెలికలు సాగిపోయినట్టే. పైకి కేబుల్ బాగానే ఉంటుంది. మలుపు దగ్గర వంపు కేబుల్ మందానికి నాలుగు రెట్లకు తగ్గకూడదు. జిప్ టై కేబుల్ తొడుగులోకి దిగేలా బిగించొద్దు.

మిగిలిపోయిన 10 మీటర్లను బిగుతుగా చుట్టి ఫాల్స్ సీలింగ్‌లో పడేయడం మామూలు అలవాటు. చుట్ట లోపల కేబుల్ తన పక్కనున్న తన పొరతోనే సిగ్నల్ కలుపుకుంటుంది. కోసేయండి. కోయడానికి మనసొప్పకపోతే వదులుగా, ఎనిమిది అంకె ఆకారంలో వేయండి.

కనెక్టర్ కొట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

రెండు చివర్లా టీ568బీ వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జతలు 1-2, 3-6, 4-5, 7-8. రెండు చివర్లా ఒకే తప్పు వరుసలో కొడితే బల్బుల టెస్టర్ ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగిస్తుంది, అంతా బాగుందనే చెబుతుంది. కానీ 3, 6 స్థానాల్లో రెండు వేర్వేరు మెలికల తీగలు పడి ఉంటాయి, జత విడిపోయి ఉంటుంది. ఇంటర్నెట్ అటూ ఇటూగా నడుస్తుంది, హెచ్‌డీబేస్‌టీ లింకే పట్టదు. కాబట్టి లైట్లను కాదు, రంగులను నమ్మండి.

మెలిక విప్పేది 13 ఎంఎం లోపే, వేలి గోరు పొడవనుకోండి. తొడుగు ప్లగ్ లోపలికి వెళ్లి, దాని మీద ప్లగ్ పట్టు పడాలి. షీల్డెడ్ కేబుల్‌కు లోహపు ప్లగ్ వాడి, కేబుల్ రేకును, డ్రెయిన్ తీగను (రేకు వెంటే ఉండే తొడుగు లేని తీగ) దానికి తగిలించాలి. షీల్డెడ్ కేబుల్ కొని ప్లాస్టిక్ ప్లగ్ కొడితే ఆ రేకు ఎక్కడికీ కలవదు, షీల్డ్‌కు పెట్టిన డబ్బు పోయినట్టే. 23 ఏడబ్ల్యూజీ తీగ మందం 0.57 ఎంఎం, ఇది కొన్ని మామూలు ప్లగ్ రంధ్రాల్లో దూరదు. బలవంతంగా తోస్తే ఒక తీగ చివరిదాకా చేరకుండా మధ్యలో ఆగుతుంది. ప్లగ్‌ను వెలుతురులో పెట్టి ముందు నుంచి చూడండి, ఎనిమిది రాగి చుక్కలూ గోడకు ఆనుకుని కనిపించాలి.

ఏ వరుసలో అమర్చాలి?

గోడకు బిగించే ముందు బల్ల మీద పెట్టి చూడండి. 2 మీటర్ల రెడీమేడ్ ప్యాచ్ కార్డుతో రెండు పెట్టెలూ కలిపి, మీరు నిజంగా వాడబోయే బాక్సు, నిజంగా వాడబోయే టీవీ పెట్టి నడపండి. ఇక్కడ రాకపోతే గోడలోని కేబుల్‌ది తప్పు కాదని తేలిపోయింది. ఇక్కడ వచ్చి అక్కడ రాకపోతే తప్పు కేబుల్‌దే. ఈ పది నిమిషాల పని చేయకపోవడం వల్లే మంచి పెట్టెలు దుకాణానికి తిరిగి వెళ్తుంటాయి.

తర్వాత పెట్టెలను అసలు చోట్లో పెట్టి, క్యాట్ కేబుల్ ముందు, హెచ్‌డీఎంఐ కేబుళ్లు తర్వాత, కరెంటు చివర. ముందు టీవీ వేసి సరైన ఇన్‌పుట్‌లో పెట్టండి, రిసీవర్, ట్రాన్స్‌మిటర్, ఆఖరికి సెట్‌టాప్ బాక్స్. బాక్స్ లేచేటప్పుడే టీవీని చదువుతుంది కాబట్టి ఈ వరుస. రెండు చివర్లా హెచ్‌డీఎంఐ ముక్కలు 2 మీటర్లు దాటకుండా ఉంచండి.

బొమ్మ సరిగా రావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

లైట్లతో. చాలా హెచ్‌డీబేస్‌టీ పెట్టెల్లో ఆర్‌జే45 దగ్గర ఆకుపచ్చ లైటు నిలకడగా వెలిగితే కేబుల్ లింకు ఉన్నట్టు. పసుపు నిలకడగా ఉంటే కాపీ రక్షణతో వీడియో వెళ్తున్నట్టు, మినుకుతుంటే రక్షణ లేని వీడియో వెళ్తున్నట్టు. ఆకుపచ్చే లేకపోతే హెచ్‌డీఎంఐ సెట్టింగులు ఎంత మార్చినా లాభం లేదు, కేబుల్ దగ్గరికి వెళ్లండి.

చుక్కలు మెరవడం, సన్న గీతలు రావడం: దూరం ఎక్కువ, లేదా కనెక్టర్ చెడ్డది. బాక్స్‌లో రిజల్యూషన్ 1080పీకి దించి చూడండి. అప్పుడు పోతే కేబుల్ నాణ్యతదే తప్పు.

అర నిమిషానికోసారి రెండు మూడు సెకన్లు నల్లబడి రావడం: లింకు తెగి మళ్లీ పడుతోంది. ఫ్యాన్, ఏసీ, మోటారు వేసినప్పుడే అయితే పక్కన కరెంటు తీగ ఉంది. అన్ని వేళలా అయితే కనెక్టర్లు మళ్లీ కొట్టండి.

మొత్తం గులాబీ లేదా ఆకుపచ్చ రంగు: పంపేవాడు ఒక రంగు లెక్కలో పంపుతున్నాడు, టీవీ ఇంకో లెక్కలో చదువుతోంది. బాక్స్‌లో కలర్ ఫార్మాట్‌ను ఆర్‌జీబీకి మార్చండి. ఇది కేబుల్ తప్పు కాదు.

పొద్దున బాగుండి మధ్యాహ్నానికి పోవడం: వేడి. హెచ్‌డీబేస్‌టీ పెట్టెలు ముట్టుకుంటే చురుక్కుమనేంత వేడెక్కడం మామూలే. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో గాలాడని ఫాల్స్ సీలింగ్ పైన పెడితే తట్టుకోవు. టీవీ వెనక, గాలి తగిలేచోట, ఒకదాని మీద ఒకటి కాకుండా పెట్టండి.

టీవీ 4కే, బాక్స్ 4కే, వచ్చేది మాత్రం 1080పీ. ఎందుకు?

ఈడీఐడీ వల్ల. టీవీ తనకు ఏ రిజల్యూషన్లు, ఏ ఆడియో ఫార్మాట్లు చేతనవునో చిన్న జాబితాగా పంపుతుంది, 128 బైట్ల ముక్కలు, సాధారణంగా రెండు. బాక్స్ దాన్ని చదివే ఏం పంపాలో నిర్ణయించుకుంటుంది. మధ్యలో ఎక్స్‌టెండర్ తన సొంత జాబితా చూపిస్తే బాక్స్ దాన్నే నమ్ముతుంది. ట్రాన్స్‌మిటర్ మీద చిన్న డిప్ స్విచ్‌లు లేదా ఈడీఐడీ బటన్ ఉంటుంది. టీవీ జాబితా నేరుగా వెళ్లేలా, అంటే పాస్‌త్రూలో పెట్టండి. అలా పెడితే నిలకడ లేకపోతే స్థిరమైన 4కే స్థానంలో పెట్టండి. స్విచ్ మార్చాక బాక్స్ ప్లగ్ పీకి పెట్టాలి, రిమోట్‌తో ఆపి వేస్తే మళ్లీ చదవకపోవచ్చు.

టీవీలో కూడా చూడండి. చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు 4కే పూర్తి వేగాన్ని సెట్టింగుల్లో విడిగా ఆన్ చేయాలి, దుకాణం నుంచి వచ్చేటప్పుడు ఆఫ్‌లోనే ఉంటుంది.

ఒకే బాక్స్‌ను స్ప్లిటర్‌తో మూడు టీవీలకు ఇచ్చినప్పుడు, అందులో ఒక్కటి పాత 720పీ టీవీ అయినా మామూలు స్ప్లిటర్ అన్నిటికీ అదే పంపుతుంది. బడి బండి నెమ్మదిగా నడిచే పిల్లాడి కోసం ఆగినట్టు. ఒక్కో అవుట్‌పుట్‌లో విడిగా రిజల్యూషన్ దించగల స్ప్లిటర్ తీసుకోండి, లేదా ఆ టీవీని మార్చండి.

ల్యాప్‌టాప్ బొమ్మ వస్తోంది, ఓటీటీ స్టిక్ పెడితే నల్ల తెర?

హెచ్‌డీసీపీ, అంటే వీడియోకు కాపీ రక్షణ. ఓటీటీ 4కే సినిమాలకు గొలుసులోని ప్రతి పెట్టె, ఎక్స్‌టెండర్, స్ప్లిటర్, ఏవీ రిసీవర్, టీవీ, అన్నీ హెచ్‌డీసీపీ 2.2 తెలిసినవై ఉండాలి. ఒక్కటి 1.4 అయినా స్టిక్ 1080పీకి దిగుతుంది లేదా తెర నల్లబడుతుంది. స్లైడ్లకు ఈ రక్షణ అవసరం లేదు కాబట్టి ల్యాప్‌టాప్ పని చేస్తుంది. ఒక్కో పెట్టె తీసేస్తూ వెళ్తే దోషి దొరుకుతాడు.

బొమ్మ ఉంది, సౌండ్ లేదు.

ముందు బాక్స్ ఆడియోను పీసీఎం స్టీరియోకి (కుదించని మామూలు రెండు చానళ్ల సౌండ్) మార్చండి. ఇప్పుడు వస్తే, టీవీకి తెలియని డాల్బీ ఫార్మాట్ వెళ్తోందన్నమాట. రిసీవర్ మీదున్న 3.5 ఎంఎం ఆడియో జాక్‌కు కూడా చాలా మోడళ్లలో పీసీఎం స్టీరియోనే కావాలి, డాల్బీ ఇస్తే మూగబోతుంది. ఆ జాక్ నుంచి ఆంప్లిఫయర్‌కు తీసుకున్నప్పుడు ‘గుమ్’మని హమ్ వస్తే అది రెండు చోట్ల ఎర్తింగ్ తేడా. ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ఆంప్లిఫయర్ ఎర్త్ పిన్ను విరిచేయడం హమ్‌ను ఆపుతుంది, మనిషినీ ఆపగలదు. అది చేయొద్దు.

టీవీలోని యాప్‌ల సౌండ్ వెనక్కి హాల్లోని సౌండ్‌బార్‌కు రావాలంటే ఏఆర్‌సీ దాటించే మోడలే కొనాలి. షీట్‌లో ఆ మాట లేకపోతే లేనట్టే.

మేడ మీది గది నుంచి కింది బాక్స్ రిమోట్ ఎలా పని చేస్తుంది?

పెట్టెతో పాటు రెండు సన్న తీగలు వస్తాయి. నల్ల కన్ను ఉన్నది రిమోట్‌ను చూసేది, అది టీవీ వైపు రిసీవర్‌లో పెట్టాలి. చిన్న బల్బు ఉన్నది కింద సెట్‌టాప్ బాక్స్ ముందు కంటి మీద అంటించాలి. తారుమారు చేయడమే ఇక్కడ జరిగే తప్పు. జాక్‌లు ఒకే సైజువి, ఎటైనా పడతాయి. బల్బు వెలుగు కంటికి కనబడదు, ఫోన్ ముందు కెమెరాలో చూస్తే చాలా ఫోన్లలో ఊదా రంగు మినుకు కనిపిస్తుంది. మినుకు ఉండి బాక్స్ స్పందించకపోతే బల్బును అర సెంటీమీటరు అటూ ఇటూ జరపండి, బాక్స్ కన్ను మీరనుకున్న చోట ఉండకపోవచ్చు. బ్లూటూత్ రిమోట్ అయితే ఈ తీగల దారి దానికి లేదు.

ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ గోడకు ఏది మేలు?

పెళ్లి లైవ్‌కు హెచ్‌డీబేస్‌టీ లేదా ఎస్‌డీఐ (వీడియోను కేబుల్ టీవీ తీగ లాంటి కోయాక్స్ మీద పంపే పద్ధతి). కెమెరా, మిక్సర్ రెండింట్లోనూ ఎస్‌డీఐ ఉంటే మంచి కోయాక్స్ మీద 1080పీ 80 మీటర్లు నిశ్చింతగా వెళ్తుంది, ప్లగ్ మెలితిప్పి బిగిసేది కాబట్టి ఎవరి కాలో తగిలినా ఊడదు. ఐపీ రకం వద్దు: తాళి కట్టేశాక తెర మీద చేతులు లేస్తే బాగుండదు. లైట్ల డిమ్మర్ తీగల పక్కన వీడియో కేబుల్ వేయొద్దు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని క్షణాల్లో ఎక్స్‌టెండర్ ఆరిందంటే, తిరిగి లింకు, ఈడీఐడీ, హెచ్‌డీసీపీ అన్నీ మొదటి నుంచి మాట్లాడుకోవాలి, తెర పది సెకన్ల దాకా నల్లగా ఉంటుంది. రెండు చివర్లకూ చిన్న యూపీఎస్ పెట్టండి. ఒకే చివర పెడితే లాభం లేదు.

రెండు భవనాల మధ్య, లేదా 100 మీటర్లు దాటితే?

రాగి వద్దు, ఫైబర్ వేయండి. ఒక భవనం ఎర్త్, ఇంకో భవనం ఎర్త్ ఒకే స్థాయిలో ఉండవు, షీల్డెడ్ కేబుల్ రెండింటినీ కలిపేస్తుంది. పిడుగు దగ్గర్లో పడినా చాలు, నేరుగా పడక్కర్లేదు, ఆ ఉప్పెన రెండు పెట్టెలతో పాటు టీవీ పోర్టునూ తీసుకుపోతుంది. ఫైబర్‌లో కరెంటు నడవదు కాబట్టి ఆ గొడవే లేదు. సింగిల్ మోడ్ ఫైబర్, దానికి సరిపడే హెచ్‌డీఎంఐ ఫైబర్ ఎక్స్‌టెండర్ జత అయితే కిలోమీటర్లు వెళ్తుంది.

ఒకే భవనంలో 15 నుంచి 50 మీటర్లకైతే రెడీమేడ్ హెచ్‌డీఎంఐ ఫైబర్ కేబుల్ కూడా చూడండి. రెండు చివర్లా పెట్టెలుండవు. దానికి దిశ ఉంటుంది: ‘సోర్స్’ అని రాసిన చివర బాక్స్ వైపు, ‘డిస్‌ప్లే’ అని రాసినది టీవీ వైపు. తిప్పి లాగితే మళ్లీ మొత్తం పీకాల్సిందే. అందుకే పైపులోకి దూర్చే ముందు నేల మీద పరిచి రెండు చివర్లూ కలిపి ఒకసారి బొమ్మ చూసి, ‘డిస్‌ప్లే’ చివరకు రంగు టేపు చుట్టి, అప్పుడు లాగండి.